మెట్లెక్కడం జన్యువుల పనా, ఇంటి పనా?

అమీర్‌పేట కోచింగ్ క్లాసుల్లో చలనాత్మక వికాసం పాఠం మొదలైతే బోర్డెక్కే తొలి పేరు గెసెల్ అనే మనస్తత్వవేత్తది. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం–పెడగాజికి 30 మార్కులు. చలనాత్మక వికాసం మీద ప్రశ్న కనిపించగానే చాలామంది ‘పరిపక్వత’ అని పెట్టేసి ముందుకెళ్తారు. అది సగం జవాబే.

గెసెల్ కవలలు

1929లో గెసెల్, థాంప్సన్ ప్రచురించిన అధ్యయనం ఇద్దరు సమరూప కవల ఆడపిల్లల మీద జరిగింది. ‘టి’ అనే పాపకు పుట్టిన 46వ వారం నుంచి ఆరు వారాలు మెట్లెక్కడం నేర్పారు. చివరికి ఆ పాప 26 సెకన్లలో ఎక్కింది. ‘సి’కి ఏమీ నేర్పలేదు. అయినా 53వ వారంలో 45 సెకన్లలో ఎక్కేసింది! మరో రెండు వారాల శిక్షణ తర్వాత సి 10 సెకన్లకే ఎక్కింది. నాడులు, కండరాలు సిద్ధం కాకముందు, అంటే పరిపక్వత రాకముందు, ఇచ్చే శిక్షణ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని గెసెల్ తేల్చాడు.

పేచీ ఇక్కడే. సి మెట్లు నేర్చుకోలేదు, నిజమే. కానీ పాకనివ్వకుండా, నిలబడనివ్వకుండా ఆ పాపను ఎవరూ ఆపలేదు.

ఆపితే ఏమవుతుంది?

మనస్తత్వవేత్త వేన్ డెన్నిస్ 1960లో టెహరాన్ అనాథాశ్రమాల గురించి రాశాడు. కొన్నింటిలో పిల్లల్ని ఎప్పుడూ తొట్టెల్లో వెల్లకిలా పడుకోబెట్టేవారు, ఎత్తుకునేవాళ్లు తక్కువ. మూడేళ్లు దాటినా అక్కడ చాలామందికి నడక రాలేదు. అంతకుముందు 1940లో ఇదే డెన్నిస్, పసితనంలో పలకకు కట్టి ఉంచిన హోపీ తెగ పిల్లలు మిగతావాళ్ల వయసులోనే నడిచారని చూపించాడు. తేడా ఏమిటంటే, వాళ్ల కట్లు ఏడాది నిండేలోపే విప్పేసేవారు.

ఇలాంటి అడ్డు మన ఇళ్లలోనూ ఉంటుంది. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో మూడో అంతస్తు ఫ్లాట్ ఊహించండి. గడప దాటితే మెట్లు, కింద వరసగా బైకులు. పడిపోతుందని భయపడి పాపను వాకర్‌లో కూర్చోబెడతారు. అందులో మునివేళ్లతో తన్నితే బండి జరుగుతుంది, ఒంటి బరువు కాళ్ల మీద సరిగా పడదు. కెనడా 2004లోనే వాకర్లను నిషేధించింది.

జన్యువులదే పైచేయి అయినప్పుడు

డుషెన్ కండర క్షీణత ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యులోపం, ఎక్కువగా మగపిల్లలకే వస్తుంది. నేల మీద కూర్చున్న బాబు లేచేటప్పుడు చేతుల్ని తొడల మీద ఆనించి, ఒంటిమీదే ఎక్కుతున్నట్టు లేస్తాడు. దీన్ని గోవర్స్ సంకేతం అంటారు. ఆడుకోవడానికి ఎంత పెద్ద మైదానం ఉన్నా ఈ జబ్బును ఆపలేం. ఇలాంటి జబ్బుల కోసమే పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

బిట్లు

తల నుంచి పాదాలకు సాగేది శిరఃపాదాభిముఖ వికాసం. భుజం నుంచి వేళ్లకు సాగేది సమీప దూరస్థ వికాసం. ఈ క్రమాలు ఎక్కడైనా ఒకటే.

నమూనా ప్రశ్న

14 నెలల బాబు ఇంకా ఒంటరిగా నడవడం లేదు. లోపమా?

కాదు. భారత్ సహా ఐదు దేశాల పిల్లల్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పరిధి 8.2–17.6 నెలలు. 18 నెలలు నిండినా నడవకపోతే డాక్టరుకు చూపించాలి.