బగ్ చెప్పినవాడి మీద విరుచుకుపడకండి

నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు ఏ అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కినా మెడలో ఐడీ కార్డుతో ఒకరిద్దరు తగులుతారు. వాళ్లలో ఈ మధ్యే టీమ్ లీడ్ అయినవాళ్లకు కొదవేం లేదు. నిన్నటిదాకా కోడ్ రాసుకున్నవాడు ఇవాళ ఎనిమిది మందితో పని చేయించాలి. కోడింగ్ నేర్పడానికి అమీర్‌పేటలో గల్లీకో ఇన్‌స్టిట్యూట్ ఉంది. మనుషులతో పని చేయించడం మాత్రం ఎవరూ నేర్పరు. పాత మేనేజరు మనల్ని ఎలా చూశాడో, కుర్చీ దొరగ్గానే మనమూ కింది వాళ్లను అలాగే చూస్తాం.

పొద్దున పదింటి స్టాండప్ కాల్ సంగతి చూడండి. శుక్రవారం రిలీజ్. కుర్రాడు గొంతు తగ్గించి, "అన్నా, పేమెంట్ ఫైల్లో రెండు రికార్డులు డబుల్ పడుతున్నాయి" అంటాడు. "ఇప్పుడా చెప్పేది? నిన్నంతా ఏం చేస్తున్నావ్?" అని లీడ్ లేస్తాడు. అంతే, కాల్‌లో ఉన్న మిగతా ఏడుగురూ మ్యూట్‌లో ఉండే పాఠం నేర్చేసుకుంటారు. మర్నాటి నుంచి ఎవర్ని కదిపినా "నా వైపు నుంచి ఏం లేదు అన్నా" అనే మాటే వస్తుంది. స్టేటస్ షీటంతా పచ్చగా ఉంటుంది. ఇలాంటి వాటికి ఐటీ వాళ్లు పెట్టుకున్న పేరు పుచ్చకాయ రిపోర్ట్. పైకి పచ్చ, కోస్తే ఎరుపు. కోసేది క్లయింటు, అదీ తాను చేసే చివరి టెస్టింగ్‌లో, అంటే యూఏటీలో. అప్పుడు ఆ రెండు రికార్డుల గొడవ టీమ్ మొత్తానికి శనాదివారాలు లేకుండా చేస్తుంది.

క్వాలిటీ అంటే టెస్టింగ్ వాళ్ల పని అనుకుంటాం. నన్నడిగితే అది అంతకన్నా ముందే తేలిపోతుంది. చెడు కబురు పైకి ఎంత త్వరగా చేరుతుందో, ఆ టీమ్ పని అంత బాగుంటుంది. కబురు చేరుతుందా లేదా అన్నది, అది విన్న మొదటి నిమిషంలో లీడ్ ముఖం ఎలా మారుతుందన్న దాని మీద ఉంటుంది.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో తప్పులు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే అక్కడే ఎక్కువ తేలాయి! తరచి చూస్తే సంగతి బయటపడింది. ఆ నర్సులు జరిగిన తప్పును భయం లేకుండా చెబుతున్నారు, మిగతా చోట్ల దాస్తున్నారు. కాబట్టి మీ టీమ్‌లో బగ్‌లు బొత్తిగా లేవంటే కేకు కట్ చేయకండి. ముందు కాస్త కంగారుపడండి.

సైబరాబాద్ వాళ్లకు బాగా తెలిసిన కంపెనీ సంగతే చెబుతాను. మైక్రోసాఫ్ట్ ఇక్కడికి 1998లో వచ్చింది, గచ్చిబౌలి క్యాంపస్ తెలియని టెకీ ఉండడు. ఆ కంపెనీలో ఏళ్ల తరబడి స్టాక్ ర్యాంకింగ్ నడిచింది. టీమ్‌లో అందరూ బాగా పనిచేసినా, ఇంతమందికి మంచి మార్కులు, ఇంతమందికి మామూలు మార్కులు, ఇంతమందికి తక్కువ మార్కులు వేసి తీరాలన్నది లెక్క. దాంతో ఏమైంది? గట్టి ఇంజనీరు ఇంకో గట్టి ఇంజనీరు ఉన్న టీమ్‌లోకి వెళ్లడానికి జంకాడు. పక్కవాడికి సాయం చేస్తే వాడి ర్యాంకు పెరిగి తన ర్యాంకు పడిపోతుంది కదా! మనుషులు చెడ్డవాళ్లని కాదు, కొలిచే పద్ధతే వాళ్లను అలా తయారుచేసింది. 2013 నవంబరులో ఆ పద్ధతిని ఎత్తేశారు. మరుసటి ఫిబ్రవరిలో హైదరాబాద్ కుర్రాడు, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. అన్నీ తెలిసినవాడి కన్నా నేర్చుకునేవాడే మేలన్నది ఆయన పదేపదే చెప్పే మాట.

మాటలు ఎవరైనా చెబుతారు. పరీక్ష 2016 మార్చిలో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ట్విట్టర్‌లో వదిలిన టే అనే చాట్‌బాట్, జనం రెచ్చగొట్టడంతో జాతివిద్వేషపు కూతలు కూసింది. ఒక్క రోజులోనే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. నాదెళ్ల మాత్రం ఆ టీమ్‌కు, నేర్చుకుంటూ ముందుకు సాగండి, నేను మీ వెంట ఉన్నానని మెయిల్ రాశారు. మన దగ్గరైతే ఆ సాయంత్రం ఎస్కలేషన్ కాల్‌లో ఎవరి పేరు బలయ్యేదో ఊహించుకోవచ్చు.

దాచిన చిన్న తేడా ఎంత దాకా పోతుందో కూడా ఈ నగరం చూసింది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్, 2009 జనవరి 7న దాని చైర్మన్ రామలింగరాజు రాసిన ఒక్క ఉత్తరంతో కుదేలైంది. అసలు లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మొదట్లో ఉన్న కొద్దిపాటి తేడాయే ఏటేటా పెరుగుతూ పోయిందని ఆయనే అందులో రాశారు. అకౌంట్ల మోసాన్నీ, జూనియర్ దాచిన బగ్‌నీ ఒకే గాటన కట్టడం లేదు. పెరిగే తీరు మాత్రం ఒకటే.

ఇంతకీ బాగా నడిపితే ఉత్పత్తి నిజంగా పెరుగుతుందా? పెరుగుతుంది. ముంబై దగ్గరి బట్టల మిల్లుల్లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం 2013లో అచ్చయింది. కొన్ని మిల్లుల్లో లోపాలను రోజూ రాసిపెట్టించారు, వాటి గురించి మేనేజర్లను కూర్చోబెట్టి మాట్లాడించారు, నూలు నిల్వలు సర్దించారు. ఇలాంటి సాదాసీదా పనులతోనే మొదటి ఏడాది ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

దీన్నిబట్టి మెతగ్గా ఉండమని కాదు. డెడ్‌లైన్ డెడ్‌లైనే. అదే తప్పు మూడోసారి చేసినవాణ్ని విడిగా పిలిచి గట్టిగానే చెప్పాలి. నలుగురిలో మాత్రం వద్దు. తప్పుకు మూలకారణం రాసే ఆర్‌సీఏలో "మానవ తప్పిదం, శిక్షణ ఇచ్చాం" అని రాసి ఫైలు మూసేసే అలవాటు కూడా మానండి. అది కారణం రాయడం కాదు, పేరు రాయడం. రివ్యూ చేసినవాళ్ల కన్ను గప్పి ఆ కోడ్ ఎలా దాటింది? ఆ టెస్ట్ కేసు ఎందుకు లేదు? ఇవి అడగాలి.

ఇంకో దురలవాటు, రాత్రి దాకా కూర్చున్నవాడే కష్టజీవి అనుకోవడం. సాయంత్రం ఆరున్నరకు మీటింగ్ పెడితే, నిజాంపేట వెళ్లాల్సినవాడి మనసు అప్పటికే జేఎన్‌టీయూ జంక్షన్ ట్రాఫిక్‌లో ఉంటుంది. వాడి దగ్గర మీకు దొరికేది తలూపడం ఒక్కటే.

మీరు ఇంకా లీడ్ కాలేదా? అయినా మీ వంతు మీకుంది. చెడు కబురు చెప్పేటప్పుడు సంజాయిషీతో మొదలుపెట్టకండి. ఏం జరిగింది, ఎవరి మీద ప్రభావం పడుతుంది, మీరు ఇప్పుడేం చేస్తున్నారు, ఏం సాయం కావాలి అన్నవి నాలుగు వాక్యాల్లో చెప్పేయండి. అలా చెప్పినవాడి మీద అరవడం ఎంత కోపిష్టికైనా కష్టమే.

లీడ్‌లు రేపటి స్టాండప్‌లో "అంతా ఓకేనా?" అని అడగకండి. దానికి జవాబు ఎప్పుడూ "ఓకే" అనే వస్తుంది. "ఈ రిలీజ్‌లో ఏది దెబ్బతినొచ్చు?" అని అడిగి కాసేపు నోరు మూసుకోండి. మొదట్లో ఎవరూ పలకరు. అలాంటప్పుడు మీ మాడ్యూల్‌లో మీకున్న అనుమానమే ముందు బయటపెట్టండి. ఎవరైనా మ్యూట్ తీసి ఒక్క సమస్య చెబితే, పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పి, దాన్ని చూడటానికి ఆ రోజే వాళ్లకు రెండు గంటలు ఖాళీ ఇవ్వండి. వేరే టికెట్ ఏదైనా ఆగితే ఆగనీయండి.