ఉల్లిలో ఎన్ని రకాలు!



మన కృష్ణానగర్‌లో అన్ని జిల్లాల వాళ్లం ఉన్నాం. అందుకే ఇక్కడ ఒకే వస్తువుకు మూడు పేర్లు వినబడతాయి. ఉల్లిగడ్డ, ఉల్లిపాయ, ఎర్రగడ్డ. పేర్లు వేరైనా వస్తువు ఒకటే.

మరి గడ్డలన్నీ ఒకటేనా? బుట్టలో చూడండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి కోస్తే కన్నీళ్లు ఆగవు. ఒకటి నెలల తరబడి నిలవుంటుంది. ఇంకొకటి తొందరగా కుళ్లుతుంది. ఈ తేడా కొంత నేల వల్ల, నీళ్ల వల్ల వస్తుంది. కొంత విత్తనంలోనే ఉంటుంది. విత్తనంలో ఉండే తేడాలను జన్యు వైవిధ్యం అంటారు.

తేడా ఎలా వస్తుంది?

ఉల్లిగడ్డను మళ్లీ నాటితే కాడ లేచి పూస్తుంది. పువ్వులో పుప్పొడి ముందే రాలిపోతుంది. అదే పువ్వు గింజ కట్టడానికి ఆ తర్వాత సిద్ధమవుతుంది. అప్పుడు తేనెటీగలు వేరే పువ్వుల పుప్పొడి తెస్తాయి. అందుకే ఒక తల్లి బిడ్డల్లాగా ఏ గింజకు ఆ గింజే వేరు.

తేడా ఎందుకు కావాలి?

అన్నీ ఒకే తీరు మొక్కలైతే ఒక్క తెగులుకే చేనంతా పోవచ్చు. తేడాలుంటే కొన్నైనా తట్టుకుంటాయి. అలాంటి మంచి మొక్కలను ఏరి శాస్త్రవేత్తలు కొత్త రకాలు తీస్తారు. బెంగళూరులో తీసిన అర్క కల్యాణ్ ఆకుమచ్చ తెగులును కొంత తట్టుకుంటుంది. ఎన్-53 రకం వానాకాలానికి పనికొస్తుంది.

1925లో అమెరికాలో హెన్రీ జోన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఉల్లి మొక్కను చూశాడు. దానికి గింజ కట్టలేదు. పనికిరాదని ఆయన పీకేయలేదు. పూలగుత్తిలో వచ్చిన చిన్న చిన్న గడ్డలతో దాన్ని బతికించాడు. హైబ్రిడ్ ఉల్లి విత్తనాలకు అదే దారి చూపింది. హైబ్రిడ్ పంట ఒకే తీరుగా వస్తుంది. కానీ దాని గింజ దాచి వేస్తే మళ్లీ అలాగే రాదు. ప్రతిసారీ కొనాల్సిందే.

మన కృష్ణాపురం ఉల్లి

కడప జిల్లాలో కృష్ణాపురం ఉల్లి పండుతుంది. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన ఇళ్లల్లో వాడరు. మలేషియా, సింగపూర్ వంటి దేశాలకు పోతుంది. 2020 సెప్టెంబరులో ధరలు పెరిగాయని ప్రభుత్వం ఉల్లి ఎగుమతి ఆపింది. ఈ ఉల్లి కూడా ఆగింది. ఇక్కడ ఎవరూ కొనరు, బయటికి పోనివ్వరు. రైతు ఏం చేయాలి? అక్టోబరులో 10,000 టన్నుల కృష్ణాపురం ఉల్లిని చెన్నై రేవు నుంచి పంపడానికి అనుమతి ఇచ్చారు. రకం తేడా తెలియకపోతే నష్టం ఎవరికో చూశారా?

మనం ఏం చేయాలి?

ఊళ్లో చేను ఉన్నవాళ్లు ఇంటి రకాన్ని వదలొద్దు. విత్తనానికి ఒకటి రెండు గడ్డలు చాలవు. తెగులు లేని మంచి గడ్డలు చాలా నాటాలి. కొద్ది మొక్కల గింజే మళ్లీ మళ్లీ వేస్తే పంట బలం తగ్గుతుంది. దగ్గరలో వేరే రకం పూయకూడదు. ఉల్లి గింజ ఎక్కువ కాలం మొలకెత్తదు. ఏడాదిలోపే వాడాలి.

చదివారు కదా, చెప్పండి

1. ఉల్లి పువ్వుకు పుప్పొడి ఎవరు తెస్తారు?
2. హైబ్రిడ్ గింజను ప్రతిసారీ ఎందుకు కొనాలి?
3. మీ ఊళ్లో ఏ రకం ఉల్లి పండించేవాళ్లు? ఇప్పుడు ఉందా? పెద్దవాళ్లను అడిగి రాయండి.