సగంలో ఆగిన స్వెట్టరు

ప్రశ్న: స్వెట్టరు, మఫ్లరు, పాప టోపీ ఒకేసారి మొదలుపెట్టాను. నెలల తరవాత మళ్ళీ చేపట్టిన స్వెట్టరు పైభాగం వదులుగా వస్తోంది. మొత్తం విప్పేయాలా?

జవాబు: మొత్తం విప్పడం వృథా శ్రమ. ఒక అల్లికలోని సూదులను మరొకదానికి తీసి, తిరిగి వేరే సైజువి ఎక్కించడం ఇలా వదులవడానికి తరచుగా కనిపించే కారణం కాగా, విరామం తరవాత నూలును వేళ్ళ మధ్య బిగించే తీరు కూడా మారుతుంది. పాత, కొత్త భాగాల్లో 10 సెంటీమీటర్ల వెడల్పుకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కించి, కొత్త భాగంలో తక్కువగా ఉంటే, సరిగా ఉన్న చివరి వరుస కుట్లన్నిటిలో సన్నని దారం దూర్చి, అంతవరకే విప్పి, మొదటి సూదులతోనే అల్లాలి; అప్పటికీ వదులైతే ఉదాహరణకు 4 మిల్లీమీటర్ల సూదులకు బదులు 3.5 మిల్లీమీటర్లవి వాడవచ్చు. ఇకపై సూది సైజు, ఆగిన వరుస, ఉన్ని లేబుల్ మీది రంగు లాట్ నంబరు రాసిన చీటీ ప్రతి అల్లిక సంచిలో ఉండాలి. చంక దగ్గర కుట్లు తగ్గించే లెక్క తప్పితే, విప్పకముందే అల్లిక తెలిసినవారికి చూపించాలి.