షికాగోకు దగ్గరి దారి ఏది?

ఉప్పల్ చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం ఎంత దూరమో తెలుసుకోవడానికి నగర పటం, స్కేలు ఉంటే చాలు. అంత చిన్న ప్రదేశంలో భూమి గుండ్రదనం మన లెక్కను చెడగొట్టదు. కాని అదే పద్ధతిలో షికాగో దూరం కొలిచారంటే దాదాపు మూడు వేల కిలోమీటర్ల తేడా వస్తుంది!

2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుంచి షికాగోకు మధ్యలో ఎక్కడా ఆగని విమానాన్ని మొదలుపెట్టింది. శంషాబాదులో లేచిన ఆ విమానం ఏ దిక్కుకు పోవాలి? షికాగో పడమట ఉంది కనుక పడమరకే అంటారు మీరు.

తరగతి గోడకు వేలాడే మెర్కేటర్ పటం మీద రెండు ఊళ్ళనూ గీతతో కలపండి. గీత అరేబియా, ఈజిప్టు, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం దాటిపోతుంది. ఆ గీత వెంట ఎగిరితే ప్రయాణం సుమారు 16,100 కిలోమీటర్లు.

ఇప్పుడు 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు, ఒక దారం తీసుకోండి. దారాన్ని రెండు ఊళ్ళ మధ్య బిగించి లాగండి. అది పడమరకు పోదు! పంజాబు, మధ్య ఆసియా, ఉరల్ పర్వతాల మీదుగా ఉత్తరానికి ఎక్కి, 79వ అక్షాంశం దాకా వెళ్ళి, గ్రీన్‌లాండు, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. దారం పొడవు 31 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ గ్లోబు మీద సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు.

ఈ దారినే మహావృత్త చాపం అంటారు. భూకేంద్రం వద్ద ఈ రెండు ఊళ్ళ మధ్య కోణం సుమారు 119.4 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కిలోమీటర్లు.

119.4 × 111.2 = సుమారు 13,280 కిలోమీటర్లు.

(భూమి అచ్చమైన గోళం కాదు. ధ్రువాల వైపు వ్యాసార్ధం 21 కిలోమీటర్లు తక్కువ. ఇలాంటి సంగతులు పరిశోధించే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డులోనే ఉంది. మనకు సగటు లెక్క చాలు.)

మరి గోడపటం ఎందుకు మోసం చేసింది? 60వ అక్షాంశ వృత్తం చుట్టుకొలత భూమధ్యరేఖలో సగమే. పటంలో మాత్రం రెంటినీ ఒకే పొడవుకు సాగదీసి గీస్తారు. ఉత్తరాది దారులు ఉన్నదానికన్నా పొడవుగా కనిపించేది అందుకే.

గంటకు 900 కిలోమీటర్ల వేగమైతే మిగిలే కాలం మూడు గంటలకు పైమాటే. ఇంత పెద్ద విమానం గంటకు సుమారు ఏడు టన్నుల ఇంధనం తాగుతుంది. అంటే ఇరవై టన్నులకు పైగా ఆదా!

13,280ని 900తో భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు వస్తుంది. ఎక్కడం, దిగడం, ఎదురుగాలి, కొన్ని చుట్టుదారులు కలిపి 16 గంటలు అనుకుందాం. చలికాలంలో మధ్యాహ్నం 12కు బయలుదేరిన అక్కయ్య షికాగోలో దిగేసరికి ఉప్పల్‌లోని అమ్మ గడియారంలో తెల్లవారుజాము 4. షికాగో కాలం మనకన్నా పదకొండున్నర గంటలు వెనుక. అక్కడ ఇంకా అదే రోజు, సాయంత్రం నాలుగున్నర! గడియారాలు మాత్రమే చూసినవాడు ప్రయాణం నాలుగున్నర గంటలే అనుకుంటాడు.

వేసవిలో షికాగోవారు గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుకుంటారు. జూన్ నెలలో అక్కడ రాత్రి 8కి బయలుదేరి, 15 గంటలు ప్రయాణం చేస్తే శంషాబాదులో ఏ రోజు, ఎన్ని గంటలకు దిగాలో లెక్కకట్టండి.