ఓడిన చోటే గెలిచిన ఆరతి

చెరువులో మగపిల్లలు ఈత కొడితే ఎవరూ ఏమీ అనరు. ఆడపిల్ల దిగితే మాత్రం "ఆడపిల్లకు ఈతెందుకే?" అంటారు. ఈ మాట మనలో చాలామంది విన్నదే. ఈత నేర్చుకున్న ఒక ఆడపిల్ల ఎంత దూరం వెళ్లిందో ఈ పాఠంలో చదువుదాం.

హుగ్లీ నది రేవు

ఆమె పేరు ఆరతి సాహా. ఊరు కలకత్తా. 1940 సెప్టెంబరు 24న పుట్టింది. రెండున్నరేళ్లకే తల్లి చనిపోయింది. ఆరతి అవ్వ దగ్గర పెరిగింది.

కలకత్తా పక్కనే హుగ్లీ నది పారుతుంది. ఇంటి పెద్దల వెంట ఆరతి రేవుకు స్నానానికి వెళ్లేది. అక్కడే ఈత పట్టుబడింది. కూతురి ఇష్టం తండ్రి గమనించాడు. "వద్దు" అనలేదు. హాట్‌ఖోలా ఈత సంఘంలో చేర్పించాడు. సచిన్ నాగ్ అనే గొప్ప ఈతగాడు ఆమెకు మెళకువలు నేర్పాడు. 1946లో ఆరతి ఒక పోటీలో మొదటి బహుమతి గెలిచింది. అప్పటికి ఆమెకు ఐదేళ్లే!

1952లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకీ నగరంలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. ఒలింపిక్స్ అంటే ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆడే ఆటల పోటీలు. మన దేశం నుంచి ఆడవాళ్లు నలుగురే వెళ్లారు. వాళ్లలో ఆరతి ఒకతె. అప్పుడు ఆమె వయసు 11 ఏళ్లు. కప్ప ఈదినట్టు ఈదే పోటీలో పాల్గొంది. దాన్ని బ్రెస్ట్ స్ట్రోక్ అంటారు. ఆ పోటీలో గెలవలేదు. కానీ ఈత మానలేదు.

రెండు దేశాల మధ్య సముద్రం

ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల మధ్య సన్నని సముద్రం ఉంది. దాన్ని ఇంగ్లీషు ఛానల్ అంటారు. బాగా సన్నగా ఉన్న చోట దాని వెడల్పు 21 మైళ్లు. నీళ్లు చల్లగా ఉంటాయి. ఆటుపోట్లు బలంగా ఉంటాయి. మనిషి ముందుకు ఈదుతుంటే నీరు పక్కకు లాగుతుంది. అందుకే ఈదే దూరం చాలా పెరుగుతుంది.

ఈదే మనిషి పక్కన ఒక పడవ వెళుతుంది. అందులోని వాళ్లు దారి చూపుతారు. తిండి, పానీయం అందిస్తారు. కానీ ఈదే మనిషి పడవను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఓడినట్టే.

ఈ ఛానల్ ఈదాలని ఆరతి నిశ్చయించుకుంది. కలకత్తాలో దేశబంధు పార్కు చెరువులో 8 గంటలు ఆపకుండా ఈదింది. అయినా విదేశం వెళ్లాలంటే డబ్బు కావాలి. చాలామంది సాయం చేశారు. బెంగాలు ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ కూడా ఆదుకున్నాడు.

మొదటిసారి

1959 ఆగస్టు 27. పోటీ రోజు. ఆరతికి తోడు వెళ్లాల్సిన పడవ 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సముద్రంలో అదను తప్పితే కష్టం. అయినా ఆరతి దిగింది. గంటల తరబడి ఈదింది. ఇంగ్లండు తీరం ఇంకా 5 మైళ్లే ఉంది. అప్పుడు నీరు ఎదురు తిరిగింది. ఎంత ఈదినా దూరం తరగలేదు. ఆమె ఆగనంది. పడవ నడిపేవాడు ఒప్పుకోలేదు. చివరికి బయటికి రాక తప్పలేదు.

తప్పు ఆమెది కాదు. అయినా ఓటమి ఆమెదే అయింది.

రెండోసారి

ఆరతి ఇంటికి తిరిగి రాలేదు. అక్కడే ఉండి మళ్లీ సాధన చేసింది. 1959 సెప్టెంబరు 29న తెల్లవారుజామున 5 గంటల 55 నిమిషాలకు ఫ్రాన్సు తీరంలో నీళ్లలోకి దిగింది. ఆమెకు 19 ఏళ్లు నిండి 5 రోజులే అయింది.

పొద్దు ఎక్కింది. పొద్దు కుంకింది. చీకటి పడింది. ఆరతి ఈదుతూనే ఉంది. మొత్తం 16 గంటల 20 నిమిషాలు! నీటి లాగుడు వల్ల 42 మైళ్లు ఈదాల్సి వచ్చింది. చివరికి ఇంగ్లండులోని శాండ్‌గేట్ ఒడ్డున కాలు పెట్టింది. అక్కడ మన జాతీయ జెండా ఎగరేసింది.

ఆసియా ఖండంలో ఆ ఛానల్ ఈదిన మొదటి స్త్రీ ఆరతి. 1960లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. మన దేశంలో ఆ బిరుదు పొందిన మొదటి క్రీడాకారిణి కూడా ఆమే. తర్వాత రైల్వేలో ఉద్యోగం చేసింది. 1994లో కామెర్ల జబ్బుతో చనిపోయింది. 1999లో తపాలా శాఖ ఆమె బొమ్మతో 3 రూపాయల స్టాంపు వేసింది.

ఆమె తర్వాత బెంగాలు నుంచే బులా చౌదరి 1989లో ఆ ఛానల్ ఈదింది. ఒకరు వేసిన దారిలో ఇంకొకరు నడుస్తారు. నేర్చుకోవడం మధ్యలో ఆగిపోవచ్చు. ఇంటి పనులు, జబ్బులు, పంట కోతలు అడ్డం వస్తాయి. ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

కొత్త మాటలు
ఆటుపోట్లు: సముద్రపు నీరు పెరగడం, తగ్గడం
అదను: సరైన సమయం
సాధన: పదేపదే చేసి నేర్చుకోవడం

లెక్క చేయండి
1. ఆరతి ఏ సమయానికి ఒడ్డు చేరింది?
2. ఛానల్ వెడల్పు 21 మైళ్లు. ఆరతి 42 మైళ్లు ఈదింది. అది ఎన్ని రెట్లు?

మాట్లాడుకోండి
1. ఆరతి తండ్రి "వద్దు" అని ఉంటే ఏమయ్యేది?
2. మీ ఊళ్లో ఆడపిల్లలకు ఈత వచ్చా? వరదలప్పుడు ఈత ఎలా పనికివస్తుంది?

రాయండి
మీరు మధ్యలో మానేసిన పని ఒకటి రాయండి. దాన్ని మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారో తేదీ వేయండి.