గాలం దగ్గర మొదలుపెట్టు, అల్లుడూ

రేపల్లె,
ఆదివారం రాత్రి.

అల్లుడూ,

నువ్వు తెనాలి చేరాక మీ అమ్మ ఫోన్ చేసింది. అన్నం సరిగా తినలేదట. వచ్చిన దగ్గర్నుంచీ ఆ సాగిపోయిన గాలాల్ని బల్ల మీద పెట్టుకుని వాటి వంకే చూస్తున్నావట. "అన్నయ్యా, వాడికి నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. ఫోన్లో చెబితే ఒక చెవితో నా మాట వింటావు, రెండో చెవితో వీడియో వింటావు. అందుకని కాయితం మీద పెడుతున్నా.

మొన్న జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. మురుగుకాలవ మొగ దగ్గర, పాటు అయిపోవస్తున్న వేళ, నీ బొమ్మచేపని పండుగప్ప మింగింది. రీల్ రెండుసార్లు గీపెట్టింది. చేప ఒక్కసారి నీళ్ల మీదికి లేచి తల విదిలించింది. అంతే, దారం వదులైపోయింది. నువ్వు రాడ్‌ని తిట్టావు. రాడ్ ఏం చేసింది పాపం! చేతికొచ్చిన బొమ్మని నేను చూశాను. మూడు ముళ్ల గాలంలో రెండు ముళ్లు గుండుసూదుల్లా నిటారుగా సాగి ఉన్నాయి. దారం తెగలేదు, కర్ర విరగలేదు. పదకొండు వేలు పోసి కొన్న సరంజామా పది రూపాయల ఇనప ముక్క దగ్గర ఓడిపోయింది.

తప్పు నీ ఒక్కడిదే అనను. ఆ బొమ్మ వచ్చిన పెట్టె మీద 'బాస్' అని రాసి ఉంది, మన హోటళ్లలో పండుగప్పని 'సీ బాస్' అంటారు, రెండూ ఒకటే అనుకున్నావు. అమెరికా వాళ్ల బాస్ మంచినీటి చేప. మన పండుగప్పకి అది దాయాది కూడా కాదు. దాని ప్రపంచ రికార్డు ఎంతో తెలుసా? 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే రైతు పట్టింది 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలు. 2009లో జపాన్‌లో బివా సరస్సులో మనాబు కురిత పట్టిందీ దాదాపు అంతే తూగింది. డెబ్బై ఏడేళ్లలో ఆ పది కిలోల దగ్గరే ఆగారు. పండుగప్పకి పది కిలోలంటే ఇంకా ఎదిగే వయసు. ఆస్ట్రేలియాలో దాన్నే బారాముండి అంటారు. అక్కడ మొందురన్ జలాశయంలో 2010లో గాలానికి పడ్డ ఒకటి 44 కిలోల పైన తూగింది. కిలో, రెండు కిలోల చేప కోసం చేసిన సన్నగాలాలతో దీని నోట్లో చెయ్యి పెట్టావు నువ్వు.

అందుకే నా లెక్క తిరగేసి ఉంటుంది. అందరూ ముందు రాడ్ కొంటారు, తర్వాత రీల్, తర్వాత రంగురంగుల బొమ్మలు. గాలం సంగతి ఎవడూ అడగడు, అది బొమ్మతోపాటే వస్తుంది కాబట్టి. నువ్వు గాలం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రా. చేప నోటి నుంచి నీ చేతి దాకా ఏయే ముడి, ఏయే రింగు ఉందో ఒక్కోటీ పట్టి లాగి చూడు. అన్నిటికన్నా బలహీనమైంది ఎంత బరువు మోస్తుందో నీ సరంజామా బలం అంతే.

బొమ్మకి వచ్చిన గాలాలు పీకెయ్. వాటిని పట్టుకున్న చుట్టురింగులు కూడా పీకెయ్. అవి కూడా సాగుతాయి, ఆ సంగతి చాలామందికి చేప పోయాకే తెలుస్తుంది. లావు తీగతో చేసిన ఉప్పునీటి గాలాలు వెయ్యి. నన్నడిగితే మూడు ముళ్లవి కూడా వద్దు, ముందొకటి వెనకొకటి ఒంటి ముల్లు చాలు. చేప నోట్లోంచి తియ్యడం తేలిక, నీ వేళ్లు మిగులుతాయి. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. లావు గాలం బరువు. నీళ్ల మీద తేలాల్సిన బొమ్మ ఆ బరువుకి మునిగిపోవచ్చు, పక్కకి ఒరగొచ్చు. గాలం మార్చిన ప్రతిసారీ బకెట్ నీళ్లలో వేసి చూడు. ఆ నీళ్లలో గుప్పెడు ఉప్పు కూడా కలుపు. మంచినీళ్లలో కొంచెం మునిగే బొమ్మ ఉప్పునీళ్లలో తేలుతుంది. మీ అమ్మ తిడితే నా పేరు చెప్పు.

తర్వాత లీడర్, అంటే దారానికీ బొమ్మకీ మధ్య కట్టే లావు దారం. నీ అల్లిక దారం, అదే బ్రెయిడ్, మంచిదే. 30 పౌండ్లది వేశావు, అంటే 13 కిలోల పైన మోస్తుంది. కానీ పండుగప్ప దవడ ఆకురాయిలా గరుగ్గా ఉంటుంది. మొప్ప మీది రేకు అంచైతే కత్తే. పైగా మొగలో మడచెట్ల వేర్లు, గుంజలకి పట్టిన ఆలుచిప్పలు. అల్లిక దారం వాటికి తగిలితే వెంట్రుకలా తెగుతుంది. అందుకని చివర ఒక బార పొడవున 50 పౌండ్ల లీడర్ కట్టు. ఫ్లోరోకార్బన్‌దైతే సరే, అది దొరక్కపోతే మంచి లావు నైలాన్ అయినా పనికొస్తుంది. చేప పడ్డ ప్రతిసారీ, పడి పోయిన ప్రతిసారీ, లీడర్ చివర జానెడు మేర గోటితో రాసి చూడు. గరుగ్గా తగిలిందా, అక్కడికి కోసేసి మళ్లీ ముడెయ్యి. బద్ధకించకు. ముడి బిగించేముందు ఉమ్ముతో తడుపు. పొడిగా బిగిస్తే ఆ రాపిడి వేడికే దారం బలం తగ్గిపోతుంది. బొమ్మ దగ్గర ముడిని మాత్రం గట్టిగా బిగించకుండా చిన్న ఉచ్చులా వదులు, బొమ్మ అటూ ఇటూ ఆడుతుంది.

నేను ముడి విషయంలో ఇంత గింజుకోవడానికి కారణముంది. మా రోజుల్లో రాడ్డూ లేదు, రీలూ లేదు. పాలడబ్బాకి చుట్టిన నైలాన్ దారం, బతికిన రొయ్య. పెనుమూడి రేవు దిగువన ఒకసారి అరగంట పోట్లాడాను, అరచేతులు కోసుకుపోయాయి. ఒడ్డుకి నాలుగడుగుల్లో ముడి జారిపోయింది. పొద్దున తొందరలో ఒక చుట్టు తక్కువ వేశాను. ఆ చేప కన్ను ఇంకా గుర్తుంది, లాంతరు వెలుగులో నిప్పుకణికలా మెరిసింది.

రీల్ బిగింపు ఎంతుండాలని అడిగావు. చేత్తో లాగి చూసి 'చాలు' అనుకోకు. పాత సామాన్లవాళ్ల దగ్గర ఉండే స్ప్రింగ్ కాటా ఒకటి తెచ్చుకో. దారం చివర దానికి తగిలించి, రాడ్ వంచి, మీ ఇంట్లో ఎవరినైనా అంకె చూడమను. దారం మోసే బరువులో నాలుగో వంతు, అంటే నీ దారానికి మూడు, మూడున్నర కిలోల దగ్గర రీల్ వదలాలి. నైలాన్ సాగుతుంది కాబట్టి మన తప్పుల్ని కొంచెం కాస్తుంది. అల్లిక దారం దాదాపు సాగదు, అందుకే బిగింపు ఎక్కువైతే మొదటి ఊపుకే ఏదో ఒకటి పోతుంది. మొన్న నువ్వు దాన్ని బావి చేంతాడులా బిగించావు.

రాడ్, రీల్ గురించి ఎక్కువ రాయను. ఉన్నవి చాలు. ఏడడుగుల కర్ర, నడుము గట్టిది, కొన వంగేది. రీల్ నాలుగు వేల సైజు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడుగు, కొత్తవి కొనకు.

ఇక నువ్వు ప్రాణంగా చూసుకునే బొమ్మల సంగతి. నీ పెట్టెలో లెక్కపెట్టాను, ముప్పై ఏడు. అవి చేపల్ని పట్టడానికి చేసినవి కావు, చేపలు పట్టేవాళ్లని పట్టడానికి చేసినవి. మూడు ఉంచుకో. ఒకటి, బారెడు లోతున ఈదే సన్నచేప బొమ్మ, జానెడుకి కాస్త తక్కువ. రెండోది, తోక ఊపే మెత్తటి రబ్బరు చేప, ఒకే ఒక్క లావు గాలంతో, ముల్లు దాని వీపులో దాగేలా. వేర్ల మధ్యన వెయ్యడానికి అదే గతి. మూడోది, నీళ్ల మీద బుడుంగుమంటూ వచ్చేది, పొద్దు వాలాక. రంగుల గురించి కొట్టుకు చావకు. మన మురుగుకాలవల బురదనీళ్లకి బంగారు రంగు, తేటనీళ్లకి వెండి రంగు, చీకటి పడ్డాక నలుపు. కింద నుంచి చూసే చేపకి ఆకాశం మీద నల్లటి నీడే బాగా అవుపిస్తుంది.

పెద్ద చేపకి పెద్ద బొమ్మ అనేది సగం నిజం. బొమ్మ ఎంతుందనేదానికన్నా ఎలా నడుస్తుందనేది ముఖ్యం. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా అనే జాలరి ఉండేవాడు. గుంపులో బాగా ఈదే చేపల్ని వదిలేసి, తడబడుతూ పోయే ఒక్కదాన్నే పెద్ద చేప పట్టడం పడవలోంచి చూశాడు. 1936లో చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో బెండుని చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, అలా తడబడే బొమ్మ చేశాడు. ఇవాళ నీ పెట్టెలో ఉన్నవాటిలో సగం దాని మనవలూ మునిమనవలే. కాబట్టి ఏకబిగిన చుట్టకు. రెండు చుట్లు లాగు, ఆపు. మనసులో మూడు లెక్కపెట్టు. ఒక్కసారి కొన అదిలించు, మళ్లీ ఆపు. పండుగప్ప తరిమి పట్టే చేప కాదు, మాటు వేసి నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చేసుకునే చేప. ఆగిన బొమ్మ మీదే ఎక్కువసార్లు పడుతుంది. పైన తేలే బొమ్మ మీద 'బొఫ్' మని చప్పుడవగానే గుండె ఆగినంత పనవుతుంది, అయినా రాడ్ ఎత్తకు. బరువు చేతికి తెలిశాక ఎత్తు. అది ఎగరబోతున్నప్పుడు, అంటే దారం పైకి లేస్తున్నప్పుడు, రాడ్ కొనని నీళ్ల వైపు దించు. మొన్న నువ్వు ఆకాశంలోకి ఎత్తి నిలబడ్డావు.

అసలు విషయం నీళ్లు. ముప్పై ఏళ్లు కాలవ లాకుల మీద ఉద్యోగం చేశాను, అందుకే నీటి నడక నాకు గాలం కన్నా ముందు కనిపిస్తుంది. పోటుకి చిన్నచేపలూ రొయ్యపిల్లలూ మడల్లోకి, పిల్లకాలవల్లోకి ఎక్కుతాయి. పాటుకి అన్నీ ఒకే ఇరుకు నోట్లోంచి దిగాలి. ఆ నోటికి పక్కగా, ప్రవాహం తగలని నీడలో పెద్దది నిలబడి ఉంటుంది. పాటు చివరి రెండు గంటలు, మళ్లీ పోటు తిరిగే మొదటి అరగంట, అదే దాని భోజనవేళ. పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి ఈ ఆదివారం ఏడింటికి పడ్డచోట వచ్చే ఆదివారం ఏడింటికి నిలబడితే కొంగలతో కబుర్లు చెప్పాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి లాగుడు ఎక్కువ. పంచాంగం మీ అమ్మ దగ్గర ఉంటుంది, రాహుకాలం ఒక్కటే చూడకుండా తిథి కూడా చూడు.

ప్రతి వారం రేపల్లె రైలెక్కక్కర్లేదు. తెనాలిలోనే కాలవలున్నాయి. గుర్రపుడెక్క అంచున రబ్బరు కప్పని వేసి కొరమేను పట్టడం నేర్చుకో. గురి కుదరడానికి దానికి మించిన బడి లేదు. గురి కుదిరాక బాపట్ల వైపు, నల్లమడ వాగు సముద్రం దిక్కుకి పోయే చోట చూడు. తొలకరి వానలకి ఎర్రనీరు వచ్చి ఉప్పునీటిలో కలిసే గీత కనిపిస్తుంది, ఆ గీత వెంబడి వెయ్యి. సూర్యలంక దగ్గర జనం స్నానాలు చేసే చోట మాత్రం గాలం విసరకు. ఇటు లంకెవానిదిబ్బ వైపు మడ అడవుల్లో కొంత భాగం కృష్ణా అభయారణ్యం, 1989 నుంచీ ఉంది. అక్కడ బావురుపిల్లులు తిరుగుతాయి. ఆ మడల్లోకి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. రొయ్యల చెరువుల గట్ల మీదికి కూడా అడక్కుండా ఎక్కకు. పోటునీటితో లోపలికి దూరిన పండుగప్ప రొయ్యల్ని ఎలా ఊడ్చేస్తుందో వాళ్లకి తెలుసు, అడిగితే సంతోషంగా పట్టుకోనిస్తారు.

ఒంటరిగా వెళ్లకు. బురదలో మోకాలి దాకా దిగిందంటే వెనక్కి రా. ఈ తీరమంటే నాకు ప్రేమే గానీ నమ్మకం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసినవాణ్ణి.

చివరగా, నువ్వు వినడానికి ఇష్టపడని ముక్క. పండుగప్ప మగదిగా పెరుగుతుంది. మూడు నాలుగేళ్లకి మగచేపగా ఈడేరుతుంది, ఆరేడేళ్లు దాటాక ఆడదిగా మారుతుంది. కాబట్టి ఈ మొగలో బాగా పెద్దవన్నీ తల్లులే. ఒక్కో తల్లి కడుపులో లక్షలు, పెద్దదైతే కోట్లలో గుడ్లు. చెన్నైలో ఉప్పునీటి చేపల పెంపకం మీద పరిశోధన చేసే సీబా సంస్థ 1997లో దీని పిల్లల్ని హేచరీలో పుట్టించింది, ఇవాళ చెరువుల్లో పెంచేది చాలావరకు ఆ విద్య వల్లే. కానీ మన కాలవల్లోకి ఎగబాకే పిల్లలకి హేచరీ ఈ తల్లే. పులుసుకి రెండు, మూడు కిలోలది చాలు, రుచీ దానిదే. చేతికందనంత పెద్దది పడితే పొట్ట కింద ఒక చెయ్యి వేసి, ఫొటో తీసుకుని, నీళ్లలో తల ప్రవాహానికి ఎదురుగా పట్టుకో, అదే తోక విదిలించి వెళుతుంది. దవడ పట్టుకు వేలాడదియ్యకు. మొప్పల్లో వేళ్లు పెట్టకు, కుట్లు పడతాయి. మొన్నటిది గాలం సాగి పోయిందని నువ్వు ఏడ్చావు, నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ మాట ఆ రోజు నీతో అనలేదు.

వచ్చే అమావాస్యకి ముందు రోజు సాయంత్రం రైలుకి రా. మూడు బొమ్మలు, కాటా, ముక్కుపటకారు, తాగడానికి రెండు సీసాల నీళ్లు. మిగతా ముప్పై నాలుగూ మీ అమ్మకిచ్చి దాచిపెట్టమను. అత్తయ్య గోంగూర పచ్చడి పంపుతానంది, నువ్వు వచ్చేటప్పుడు ఖాళీ సీసా తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య