ఒకే కంప్యూటర్‌లో రెండు సంస్థల గ్రాఫిక్స్ కార్డులు

కంప్యూటర్ తెరపై మనకు కనిపించు బొమ్మలను గీయునది గ్రాఫిక్స్ కార్డు. వేలకొలది చిన్న లెక్కలను ఏకకాలమున చేయగల శక్తి దానికి కలదు. అందుచేతనే నేడు కృత్రిమ మేధకు, శాస్త్ర పరిశోధనకు కూడ దానిని వినియోగించుచున్నారు. అయితే దాని ధర విద్యార్థికిగాని, చిన్న కళాశాలకుగాని సులభముగా అందునది కాదు. పాత కార్డును తీసివేయక, వేరొక సంస్థ కార్డును దాని ప్రక్కన అమర్చుకొనవచ్చునా? లీనక్స్‌లో అమర్చుకొనవచ్చునని మా సమాధానము. అది ఎట్లు సాధ్యమైనదో, దాని హద్దులేవో పరిశీలింతము.

లీనక్స్ కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండ్ దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. యంత్రభాగములను నడిపించు బాధ్యత కెర్నెల్‌ది. ప్రతి కార్డుకు తగిన డ్రైవర్ ఉండవలెను. ఎ.ఎం.డి., ఇంటెల్ కార్డుల డ్రైవర్లు కెర్నెల్‌లోనే చేరి ఉన్నవి. ఎన్విడియా సంస్థ చిరకాలము తన డ్రైవర్ మూలరచనను వెల్లడింపలేదు. 2022లో కెర్నెల్‌కు సంబంధించిన భాగమును మాత్రము వెల్లడించినది. డ్రైవర్లు వేరైనను, కెర్నెల్ ఒక్కొక్క కార్డును ప్రత్యేకముగా గుర్తించి రెంటిని నడుపగలదు. కనుక అసలు చిక్కు అచ్చట లేదు.

ఓపెన్‌జీఎల్ లైబ్రరీలో చిక్కు ఏర్పడినది. ఎన్విడియా లైబ్రరీ, తక్కిన సంస్థల కార్డులకు వాడు మెసా లైబ్రరీ, రెండును ఒకే పేరు కలవి. ఒకదానిని స్థాపించినచో రెండవది చెడిపోవుట పరిపాటి. ఒకే నంబరు గల రెండు ఇండ్ల ముందు తపాలా బంట్రోతు పడు అవస్థ వంటిది ఇది. దీనిని తొలగించుటకు జీ.ఎల్.వీ.ఎన్.డీ. అను మధ్యవర్తి లైబ్రరీ వచ్చినది. ప్రోగ్రాము దానిని పిలిచినచో, అది తగిన సంస్థ లైబ్రరీకి పని అప్పగించును. 2016లో వెలువడిన వల్కన్ పద్ధతిలో ఇట్టి ఏర్పాటు మొదటినుండియు ఉన్నది.

ఇక, ఒక కార్డు గీసిన బొమ్మను మానిటర్ తగిలించిన కార్డుకు అందింపవలెను. 2012లో 3.3వ కెర్నెల్‌లో చేరిన డీ.ఎం.ఎ. బఫ్ అను ఏర్పాటు, పరికరములు మెమరీని పంచుకొనుటకు వీలు కల్పించినది. ఒక కార్డుచే గీయించి వేరొకదానిచే చూపించు పద్ధతిని ప్రైమ్ అందురు. ఎన్విడియా సొంత డ్రైవర్‌లో ఈ సదుపాయము 2019లో వచ్చినది.

హద్దులను కూడ గమనింపవలెను. 8 జీబీ, 4 జీబీ మెమరీ గల రెండు కార్డులు చేరినంతమాత్రమున 12 జీబీ గల ఒక కార్డు కాజాలదు. ఎన్విడియా వారి కూడా పద్ధతిపై వ్రాసిన ప్రోగ్రాములు ఇతర కార్డులపై నేరుగా నడువవు. రెంటికి చాలిన విద్యుత్తునిచ్చు పవర్ సప్లయి, ఖాళీ స్లాటు, వేడి పోవు మార్గము ఉండవలెను. డ్రైవర్లను తమ లీనక్స్ పంపిణీ అందించు ప్యాకేజీలనుండియే స్థాపించుట క్షేమము.

ఇన్ని హద్దులున్నను లాభము స్వల్పము కాదు. పాత కార్డు తెరను చూచుకొనును. కొత్తదాని మెమరీ దాదాపు మొత్తము లెక్కలకు మిగులును. కనుక పాత కార్డును పారవేయుటకు ముందు, కొత్త యంత్రమునకు ధనము మంజూరు చేయుటకు ముందు, ఉన్న యంత్రమును ఒకసారి తెరచి చూడవలసినదిగా తోటి విద్యార్థులకు, కార్యవర్గ సభ్యులకు మా మనవి. ఒకరి పేరును మరొకరు తుడిచివేయకుండ ఒక ఉమ్మడి నియమమునకు కట్టుబడినపుడే ఈ పరికరములు కలిసి పనిచేసినవను సత్యము కూడ మనము గ్రహింపదగినది.